మేకప్‌లో కొన్ని పద్ధతులే ఎందుకు కుదురుతాయి

మేకప్ గురించి జరిగే సంభాషణలు ఎక్కువగా వస్తువుల చుట్టూనే తిరుగుతాయి. ఏ ఫౌండేషన్ మంచిది, ఏ లిప్‌స్టిక్ ఎక్కువసేపు ఉంటుంది, ఏ బ్రష్ కొనాలి అన్న ప్రశ్నలకు సమాధానాలు ఎక్కడైనా దొరుకుతాయి. అయితే ఒకే సీసాలోని ఫౌండేషన్ ఒకరి ముఖం మీద చర్మంలో కలిసిపోవడం, మరొకరి ముఖం మీద గంట తిరగకుండానే అట్టకట్టి ముడతల్లో గీతలుగా చేరడం చాలామంది చూసే ఉంటారు. ఆ తేడాలో చర్మతత్వానికి కొంత పాత్ర ఉన్న మాట నిజమే గానీ, అంతకంటే పెద్ద పాత్ర వేసిన పద్ధతిది. ఎలా అద్దాలో, ఎలా రుద్దకూడదో చెప్పేవారు చాలామంది ఉన్నారు; ఎందుకో చెప్పేవారు తక్కువ. కారణం తెలిస్తే మన ముఖానికీ, మన చేతిలో ఉన్న వస్తువుకూ తగినట్టు పద్ధతిని మార్చుకోగలుగుతాం. ఆ కారణాల గురించి చదివినదాన్ని బట్టి, అద్దం ముందు గమనించినదాన్ని బట్టి నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని ముందే చెబుతాను. బాగా కుదిరే పద్ధతులు చర్మం సహజంగా చూపే వెలుగునీడలను వీలైనంత వరకు అలాగే వదిలిపెట్టి, మార్చవలసిన అంశాన్ని మాత్రమే మారుస్తాయి. కుదరని పద్ధతులు ఆ వెలుగునీడలను ముందు చెరిపివేసి, తర్వాత రంగులతో వాటిని తిరిగి గీయాలని చూస్తాయి.

చర్మం మీద పడిన కాంతి ఏమవుతుందో చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. ముఖం మీద పడే కాంతిలో సుమారు 4 నుంచి 7 శాతం మాత్రమే చర్మపు పైతలాన్ని తాకి వెంటనే వెనక్కి వస్తుంది. నూనె మెరుపు, చెమట మెరుపు ఈ భాగానికి చెందినవే. మిగిలిన కాంతి లోపలికి వెళ్లి, కణాల మధ్య, కొల్లాజెన్ పోగుల మధ్య అటూ ఇటూ చెదిరి, దారిలో కొంత చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌కూ, కొంత రక్తంలోని హీమోగ్లోబిన్‌కూ చిక్కగా, మిగిలినంత బయటికి వస్తుంది. మనం చర్మపు రంగు అని పిలిచేది ఇలా లోపలికి వెళ్లి తిరిగి వచ్చిన కాంతినే, ముఖంలో కళ ఉందని మనకు అనిపించడానికి కూడా చాలావరకు అదే కారణం. ఫౌండేషన్‌కు కప్పే గుణాన్ని ఇచ్చే ప్రధాన పదార్థం టైటానియం డయాక్సైడ్. దాని వక్రీభవన గుణకం (కాంతిని ఎంతగా వంచుతుందో చెప్పే సంఖ్య) స్ఫటిక రూపాన్ని బట్టి 2.5 నుంచి 2.7 వరకు ఉంటుంది. చర్మపు పైపొరది సుమారు 1.55, ఫౌండేషన్‌లోని సిలికోన్లది 1.4 పరిసరాల్లో ఉంటుంది. రేణువుకూ దాని చుట్టూ ఉన్న పదార్థానికీ మధ్య ఈ తేడా ఎంత ఎక్కువగా ఉంటే కాంతి అంత బలంగా చెదురుతుంది. అందులోనూ రేణువు 0.2–0.3 మైక్రోమీటర్ల పరిమాణంలో, అంటే కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం ఉన్నప్పుడు, కప్పే శక్తి అత్యధికంగా ఉంటుంది. కాబట్టి మందంగా పూసిన ఫౌండేషన్ కాంతిని చర్మంలోకి వెళ్లనివ్వకుండా పైనే ఆపి తిప్పి పంపుతుంది. మచ్చ కనిపించకుండా పోతుంది, దానితోపాటు చర్మమూ కనిపించకుండా పోతుంది.

అందుకే ముఖమంతా ఒకే మందంలో పూయడం కంటే, పలుచని పొర ఒకటి వేసి, అవసరమైన చోట మాత్రమే మచ్చలను కప్పే కన్సీలర్ పెట్టడం మెరుగైన ఫలితాన్నిస్తుంది. మొటిమ మచ్చ మీద పెట్టేటప్పుడు సన్నని బ్రష్‌తో సరిగ్గా మచ్చ మీదే ఉంచి, కొద్దిసేపు ఆగి, అంచులను మాత్రమే వేలితో తట్టి కలపాలి. మధ్యభాగాన్ని కదిలిస్తే రంగు పక్కలకు జరిగి మచ్చ మళ్లీ బయటపడుతుంది, దాని చుట్టూ అనవసరమైన వలయం ఒకటి మిగులుతుంది. ఉబ్బెత్తుగా ఉన్న మొటిమ మీద చర్మం కంటే లేత రంగు ఎప్పుడూ వాడకూడదు, ఎందుకంటే లేత రంగు ఆ ఎత్తును ఇంకా ఎత్తుగా చూపిస్తుంది. మొటిమ ఎరుపును కన్సీలర్ తీసివేయగలదు గానీ దాని ఆకారాన్ని తీసివేయలేదు. ఆకారం వల్ల పడే నీడను ఏ రంగూ దాచలేదని ఒప్పుకుంటే చాలా వృథా పూత తగ్గుతుంది.

పలుచని పొర మేలనడానికి ఇంకొక గట్టి కారణం పూత ఆరే తీరులో ఉంది. ద్రవ ఫౌండేషన్ ఆరేటప్పుడు అందులోని నీరు, తేలికగా ఆవిరయ్యే సిలికోన్లు వెళ్లిపోయి, రంగు రేణువులు, ఆవిరికాని నూనెలు, పట్టి ఉంచే పాలిమర్లు కలిసిన పొర మిగులుతుంది. ఆరే పూత కుంచించుకోవాలని చూస్తే కింద ఉన్న తలం దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది; ఈ లాగులాటలో పుట్టే ఒత్తిడిని పలుచని పొర తట్టుకుంటుంది, ఒక హద్దు దాటిన మందం తట్టుకోలేక విచ్చుకుంటుంది. చెరువు అడుగున మందంగా పేరుకున్న ఒండ్రు ఎండితే నెర్రెలు విచ్చడం, అదే మట్టిని నీళ్లలో కలిపి పలుచగా అలికితే పగలకుండా నిలవడం మనకు తెలిసినదే. ముఖం విషయంలో ఆరేటప్పటి ఒత్తిడికి తోడు రోజంతా కదలిక ఉంటుంది. నవ్విన ప్రతిసారీ కళ్ల పక్కన, మాట్లాడిన ప్రతిసారీ నోటి పక్కన చర్మం ముడుచుకుని చాచుకుంటుంది. అక్కడ మందంగా ఉన్న పొర ముడతలోకి నెట్టుకుపోయి గీతగా నిలిచిపోతుంది. ఆ గీతలను దాచాలని వాటి మీదే ఎక్కువ కన్సీలర్ వేయడం వల్ల గీతలు మరింత స్పష్టమవుతాయి. ముడతలున్న చోట తక్కువ పూయడమే వాటికి తగిన చికిత్స.

సినిమా తొలినాళ్లలో నిపుణులు ఎదుర్కొన్న సమస్య కూడా ఇదే. రంగస్థలం కోసం తయారైన, కొవ్వులో రంగు కలిపిన గ్రీజ్‌పెయింట్ మందంగా, గట్టిగా ఉండేది. దూరం నుంచి చూసే ప్రేక్షకులకు అది సరిపోయేది గానీ, కెమెరా ముఖానికి దగ్గరగా వచ్చాక దాని పగుళ్లు తెర మీద కనిపించసాగాయి. 1914లో మేకప్ నిపుణుడు మాక్స్ ఫ్యాక్టర్ సినిమా నటుల కోసం, క్రీమ్ రూపంలో పలుచగా పూయగలిగే, ముఖ కదలికలతోపాటు వంగే గ్రీజ్‌పెయింట్‌ను తయారుచేశారు. 1930ల చివర్లో ఆయన సంస్థ రంగుల చిత్రాల కోసం తెచ్చిన పాన్‌కేక్ అనే బిళ్ల మేకప్‌ను తడి స్పాంజ్‌తో పలుచగా వేసేవారు. మేకప్‌లో వచ్చిన పెద్ద మార్పులు చాలావరకు ఎంత కప్పగలం అన్న దిశలో కాకుండా, ఎంత తక్కువతో కప్పగలం అన్న దిశలో వచ్చాయని నేను అనుకుంటాను.

పొర పలుచగా ఉండాలంటే కింది తలం నునుపుగా ఉండాలి. చర్మపు పైపొర మృతకణాలతో ఏర్పడినది, దాని మందం సాధారణంగా 10 నుంచి 20 మైక్రోమీటర్లు మాత్రమే. అది తేమ కోల్పోయినప్పుడు కణాల అంచులు పైకి లేచి పొట్టులా కనిపిస్తాయి. ఫౌండేషన్ ఆ అంచుల చుట్టూ చేరి, అక్కడ గాఢంగా, మిగిలిన చోట పలుచగా ఆరుతుంది. గ్లిజరిన్ వంటి తేమను పట్టి ఉంచే పదార్థాలున్న మాయిశ్చరైజర్ ఈ కణాలను నీటితో ఉబ్బించి అంచులను కిందికి దించుతుంది. ఈ పని జరగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి, మాయిశ్చరైజర్ రాసిన వెంటనే ఫౌండేషన్ వేసేవారికి దాని ప్రయోజనం సగమే అందుతుంది. నూనె చర్మం ఉన్నవారు మాయిశ్చరైజర్ అవసరం లేదని మానేయడం తరచుగా చూస్తుంటాం. నూనె ఉండడం, తేమ ఉండడం ఒకటే విషయం కావు. ముఖం జిడ్డుగా ఉంటూనే పైపొర నీరు లేక పొట్టు లేస్తూ ఉండవచ్చు. చర్మ రంధ్రాలను మూసే పద్ధతుల గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. వాటిని తెరవడానికీ మూయడానికీ వాటికి కండరాలు లేవు. ఫౌండేషన్‌కు ముందు రాసే ప్రైమర్‌లోని సిలికోన్ జెల్ ఆ గుంటలను నింపి, వాటిలో పడే నీడను తగ్గిస్తుంది, అంతే. ఆ పని కోసం ప్రైమర్‌ను రంధ్రాలు పెద్దవిగా ఉన్న ముక్కు పక్కల, బుగ్గల లోపలి భాగంలో వేలితో ఒత్తి నింపితే చాలు, ముఖమంతా రాయనవసరం లేదు.

అద్దడం, రుద్దడం మధ్య తేడాకు వద్దాం. రుద్దినప్పుడు చేతి బలం చర్మానికి సమాంతరంగా పనిచేస్తుంది. ఆ బలం అప్పుడే ఆరడం మొదలుపెట్టిన పొరను చీలుస్తుంది, పొట్టును లేపుతుంది, రంధ్రాల అంచుల దగ్గర రంగును పోగుచేస్తుంది, బ్రష్ వెంట్రుకల చారలను మిగులుస్తుంది. అద్దినప్పుడు బలం చర్మానికి నిలువుగా పనిచేసి రేణువులను ఉన్న చోటే కూర్చోబెడుతుంది. అయితే రుద్దడం ఎప్పుడూ తప్పని చెప్పడం కూడా సరికాదు. ఫౌండేషన్ ఇంకా ద్రవంగా ఉన్న మొదటి క్షణాల్లో బ్రష్‌తో లేదా వేళ్లతో పరచడం వల్ల అది సమానంగా విస్తరిస్తుంది. చిక్కబడ్డాక మాత్రం అద్దడం తప్ప వేరే దారి లేదు. ఒక్కసారిగా ముఖమంతా చుక్కలు పెట్టుకుని నెమ్మదిగా పరిచేవారికి చివరి బుగ్గ దగ్గరికి వచ్చేసరికి అది ఆరిపోయి ఉండడం వల్ల చారలు వస్తాయి. ఒక్కొక్క భాగాన్ని పూర్తిచేస్తూ వెళితే ఈ ఇబ్బంది ఉండదు. తడి స్పాంజ్ విషయంలోనూ కారణం సులువే. స్పాంజ్‌లోని ఖాళీలు ముందే నీటితో నిండి ఉంటే అది ఫౌండేషన్‌ను తక్కువగా పీల్చుకుంటుంది, మెత్తబడి ముఖం వంపులకు అనుగుణంగా ఒదుగుతుంది, పైన ఎక్కువైన దాన్ని ఎత్తివేస్తుంది. బాగా పిండకుండా వాడితే మాత్రం ఆ నీరే పొరలో కలిసి అతుకులు అతుకులుగా చేస్తుంది.

ఒకదాని మీద ఒకటి వేసే పొరల వరుసకు, వాటి మధ్య విరామానికి మనం ఇచ్చే ప్రాధాన్యం చాలా తక్కువ. సన్‌స్క్రీన్లలో, ప్రైమర్లలో పొరను ఏర్పరిచే పాలిమర్లు ఉంటాయి. అవి స్థిరపడకముందే పైన మరొకటి రుద్దితే ఆ సగం ఆరిన పొర చుట్టుకుపోయి చిన్న చిన్న ఉండలుగా లేస్తుంది. దీనికి చాలామంది వస్తువును నిందిస్తారు గానీ, చాలాసార్లు లోపం తొందరలో ఉంటుంది. సన్‌స్క్రీన్ రక్షణ శక్తిని ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలుస్తారు. ఫౌండేషన్‌ను ఎవరూ అంత మందంగా వేసుకోరు కాబట్టి ఫౌండేషన్ డబ్బా మీద ఉన్న ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ శక్తి) సంఖ్యను నమ్ముకుని సన్‌స్క్రీన్ మానేయకూడదు. సన్‌స్క్రీన్ తగినంత రాసి, అది ఆరే వరకు జుట్టు దువ్వుకోవడం వంటి వేరే పని చూసుకోవడమే ఉత్తమం. ఇక క్రీములు ముందు, పౌడర్లు తర్వాత అన్న వరుసకు కారణం ఏమిటంటే, పౌడర్ మీద క్రీమ్ బ్లష్ వేసినప్పుడు అందులోని నూనె తాకిన చోటల్లా పౌడర్ రేణువులు తడిసి ముద్దకడతాయి, తాకని చోట పొడిగానే ఉంటాయి. ఆ మచ్చలను ఎంత కలిపినా సమానం చేయలేం.

పౌడర్ గురించి మరికొంచెం చెప్పాలి, ఎందుకంటే దాని ప్రవర్తన ఎన్నో అనుమానాలకు సమాధానం ఇస్తుంది. పొడి రేణువుల మధ్య గాలి ఉంటుంది. గాలి వక్రీభవన గుణకం దాదాపు 1 కాబట్టి రేణువుకూ గాలికీ మధ్య తేడా వల్ల కాంతి బాగా చెదిరి, వేసిన వెంటనే ముఖం పొడిబారి తెల్లగా కనిపిస్తుంది. కొంతసేపటికి చర్మపు నూనె ఆ ఖాళీల్లోకి చేరి గాలిని బయటికి నెడుతుంది. అప్పుడు తేడా తగ్గి, కాంతి తక్కువగా చెదిరి, పౌడర్ దాదాపు పారదర్శకమవుతుంది. మేకప్ నిలవడానికి చివర్లో వాడే సెట్టింగ్ స్ప్రే చల్లగానే పౌడర్ చర్మంలో కలిసిపోయినట్టు కనిపించడంలోనూ సగం రహస్యం ఇదే. మిగిలిన సగం అందులో ఉండే పాలిమర్ ఆరి పలుచని పొరగా నిలవడం. ఫౌండేషన్ కొంతసేపటికి ముదురుగా మారడాన్ని ఆక్సీకరణ అని పిలవడం అలవాటైపోయింది. అందులో రంగునిచ్చే ఎరుపు, పసుపు రంగులు ముందే పూర్తిగా ఆక్సీకరణ చెందిన ఇనుము ఆక్సైడ్లు; వాటిలో ముఖం మీద కొత్తగా ఆక్సీకరణ చెందడానికి ఏమీ మిగలలేదు. ఆవిరయ్యే భాగం పోయి రంగు చిక్కబడడం, చర్మపు నూనె రేణువులను తడపడం అనే రెండూ ఈ మార్పును చాలావరకు వివరిస్తాయి. అందువల్ల షేడ్ ఎంచుకునేటప్పుడు దవడ మీద రాసి, పది పదిహేను నిమిషాలు ఆగి, ఆ తర్వాతే నిర్ణయించుకోవాలి. పౌడర్‌ను పెద్ద బ్రష్‌తో ముఖమంతా తుడిచినట్టు వేయడం కంటే, పఫ్‌తో నూనె చేరే చోట మాత్రమే ఒత్తి ఎక్కువైనది దులిపివేయడం మేలు. నుదురు, ముక్కు, గడ్డం మెరుపు తగ్గి, బుగ్గల పైభాగం సహజమైన కాంతితో మిగులుతుంది.

రంగును రంగుతో సరిచేసే పద్ధతుల్లో కారణం తెలియకపోవడం వల్ల జరిగే నష్టం ఎక్కువ. రక్తంలోని హీమోగ్లోబిన్ 540 నుంచి 580 నానోమీటర్ల మధ్య, అంటే ఆకుపచ్చ, పసుపు కాంతిని బలంగా పీల్చుకుంటుంది. అందుకే ఎర్రబడిన చోటు నుంచి వచ్చే కాంతిలో ఎరుపు వాటా ఎక్కువగా ఉంటుంది. దాని మీద పూసిన ఆకుపచ్చ కరెక్టర్ (రంగును సరిచేసే పూత) ఎర్ర కాంతిలో కొంత పీల్చుకోవడం వల్ల రంగులు సమతూకానికి వస్తాయి. గమనించవలసినది ఏమిటంటే, ఇక్కడ కొత్తగా వెలుగు చేరడం లేదు. రెండు రంగులూ చెరో వైపు నుంచి కాంతిని తీసివేయడం వల్ల ఆ చోటు తటస్థంగా, కొంచెం బూడిదగా మారుతుంది. కాబట్టి కరెక్టర్‌ను ఎరుపు ఉన్నంత మేరకే, కనిపించీ కనిపించనంత పలుచగా వేసి, దాని మీద చర్మపు రంగులో ఉన్న కన్సీలర్‌ను అద్దాలి. ముఖం సగానికి ఆకుపచ్చ పూసుకుని, దాన్ని దాచడానికి మళ్లీ మందంగా ఫౌండేషన్ వేయడం ఒక సమస్యను రెండు చేసుకోవడమే.

కళ్ల కింద నలుపు దగ్గర ఈ విషయం ఇంకా లోతుకు వెళుతుంది. శరీరంలో అతి పలుచని చర్మం కనురెప్పలదీ, వాటి చుట్టూ ఉన్నదీ. చర్మంలో ఎర్ర కాంతి లోతుకు వెళ్లి అక్కడి సిరల్లోని రక్తానికి చిక్కుతుంది, నీలి కాంతి పైపైనే చెదిరి తిరిగి వస్తుంది. అందువల్ల ఆ చోటు నీలంగా, ఊదాగా కనిపిస్తుంది. దానికి నీలానికి ఎదురైన పీచ్ రంగు, చర్మం ముదురుగా ఉంటే నారింజ రంగు కరెక్టర్ పనిచేస్తుంది. నేరుగా లేత రంగు కన్సీలర్ వేస్తే బూడిద రంగు రావడానికి కారణం, ముదురు తలం మీద పలుచగా పరిచిన తెల్ల రేణువులు నీలి కాంతినే ఎక్కువగా చెదరగొట్టడం. అయితే కళ్ల కింద కనిపించేదంతా రంగు కాదు. కంటి లోపలి మూల నుంచి బుగ్గ వైపు దిగే పల్లంలో పడే నీడ కూడా నల్లగానే కనిపిస్తుంది. ముఖాన్ని కిటికీ వైపు తిప్పి, గడ్డం కొంచెం పైకెత్తి చూసినప్పుడు నలుపు తగ్గిపోతే అది నీడ. నీడకు ఎన్ని కరెక్టర్లు వేసినా ఫలితం ఉండదు. ఆ పల్లం గీత వెంబడి మాత్రమే కొంచెం లేత, కొంచెం మెరుపున్న కన్సీలర్‌ను సన్నగా వేస్తే పల్లం పైకి వచ్చినట్టు కనిపిస్తుంది. పక్కనే ఉబ్బుగా ఉన్న భాగానికి అది అంటితే ఉబ్బు రెట్టింపవుతుంది.

తెల్ల రేణువుల ఈ ప్రవర్తనే ముదురు రంగు చర్మం మీద ఫౌండేషన్ బూడిద పూసినట్టు కనిపించడానికి ముఖ్య కారణం, ఇది నేను మనసు పెట్టి చెప్పదలచుకున్న విషయం. లేత షేడ్ల కోసం రూపొందించిన మిశ్రమంలో టైటానియం డయాక్సైడ్ వాటా అలాగే ఉంచి, పైన కొంత నల్ల ఆక్సైడ్ కలిపి ముదురు షేడ్ అని అమ్మితే అది చర్మం మీద నిర్జీవంగానే ఉంటుంది. తెల్ల పదార్థాన్ని తగ్గించి, ఎరుపు, పసుపు ఆక్సైడ్లను సరైన పాళ్లలో పెంచినప్పుడే ఆ చర్మంలోని వెచ్చదనం నిలుస్తుంది. 2017లో మేకప్ సంస్థ ఫెంటీ బ్యూటీ 40 షేడ్లతో ఫౌండేషన్ విడుదల చేసినప్పుడు అంతగా చర్చ జరగడానికి, అప్పటివరకు ముదురు షేడ్లు చాలా సంస్థల వరుసల్లో నామమాత్రంగా ఉండడమే కారణం. మేకప్ తమకు కుదరదని నమ్మి దూరంగా ఉండిపోయిన ఎంతోమంది చర్మంలో ఏ లోపమూ లేదు, లోపం సీసాలో ఉండేది. తమ రంగు కంటే రెండు షేడ్లు లేతగా ఉన్న ఫౌండేషన్ వేసుకుంటే వచ్చేదీ ఇదే బూడిద రంగు. మెడతో, చెవులతో పొసగని ముఖాన్ని ఎంత నేర్పుతో బ్లెండ్ చేసినా సహజంగా చూపించలేం.

ఇంతవరకు చెప్పినదంతా చర్మం, కాంతి సంగతి. ముఖం మీద నీడలు గీసే కాంటూర్ దగ్గరికి వచ్చేసరికి చూసేవారి మెదడు కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. వెలుగు పైనుంచి వస్తుందని మన మెదడు ముందుగానే అనుకుంటుంది, ఆ ఊహ మీదే గుంట ఏదో, గుబ్బ ఏదో తేల్చుకుంటుంది. నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో ప్రచురించిన ప్రయోగాలు దీన్ని తేటగా చూపాయి. బుగ్గ ఎముక కింద ముదురు రంగు, ఎముక మీద లేత రంగు వేస్తే ఎముక ఎత్తుగా కనిపించడం ఈ ఊహ ఫలితమే. కానీ మెదడు ఇంకొక పరీక్ష కూడా చేస్తుంది. వెలుగు క్రమంగా తగ్గితే దాన్ని వంపుగా, నీడగా తీసుకుంటుంది. హఠాత్తుగా మారితే రంగు మారిందని తీసుకుంటుంది. అంచు సరిగ్గా కలపని కాంటూర్ మురికి చారలా కనిపించడానికి కారణం ఇదే. బ్లెండ్ చేయడం శుభ్రత కోసమో, చూడముచ్చటగా ఉండడం కోసమో చేసే పని కాదు, ఆ రంగును నీడగా నమ్మించేది ఆ పనే. రంగు ఎంపికలోనూ ఇదే సూత్రం. నీడలో చర్మం వెలుగు తగ్గి, కొంచెం బూడిదవైపు జరుగుతుంది, ఎక్కడా మెరవదు. నారింజ ఛాయ ఉన్న, మెరుపులున్న బ్రాంజర్‌తో కాంటూర్ చేస్తే ముఖానికి ఎండ తగిలిన రంగు వస్తుంది గానీ పల్లం రాదు. ఒక పరిమితిని మాత్రం ఏ నేర్పూ దాటలేదు. నిజమైన నీడ తల తిప్పినప్పుడు కదులుతుంది, గీసిన నీడ కదలదు. అందుకే కెమెరా, దీపాలు ఒక చోట స్థిరంగా ఉన్నప్పుడు అద్భుతంగా కనిపించిన బలమైన కాంటూర్, పగటి వెలుగులో నడుస్తూ మాట్లాడే మనిషి ముఖం మీద అతికించినట్టు ఉంటుంది. రోజువారీ ముఖానికి నేను కాంటూర్ కంటే బ్లష్‌నే సిఫారసు చేస్తాను, ఎందుకంటే రక్తం రంగు ఏ వెలుగులోనైనా చర్మానికి సహజమే.

కళ్ల మేకప్‌కు ఉన్నంత బలం మిగతా ఏ మేకప్‌కూ లేదంటే ఆశ్చర్యం లేదు. కళ్లు, పెదవులు చుట్టూ ఉన్న చర్మం కంటే ఎంత ముదురుగా ఉన్నాయన్న తేడా స్త్రీల ముఖాల్లో సగటున ఎక్కువని, మేకప్ ఆ తేడాను ఇంకా పెంచుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ రస్సెల్ 2009లో చూపారు. వయసుతోపాటు ఈ తేడా తగ్గుతుందని, ముఖం వయసును అంచనా వేయడంలో మనం దాన్నొక గుర్తుగా వాడతామని 2013లో ఆయన, సహ పరిశోధకులు ప్రచురించారు. సమయం తక్కువగా ఉన్నప్పుడు ఫౌండేషన్ మానేసి కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు, పెదవుల మీద శ్రద్ధ పెట్టడం మంచి నిర్ణయమనడానికి ఇంతకంటే ఆధారం అక్కరలేదు. కంటిని పెద్దదిగా చూపడంలో పనిచేసేది 1865లో బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ డెల్‌బూఫ్ వర్ణించిన భ్రమ. ఒక వృత్తం చుట్టూ దానికి దగ్గరగా కొంచెం పెద్ద వృత్తం గీస్తే లోపలిది పెద్దదిగా కనిపిస్తుంది, చాలా దూరంగా పెద్ద వృత్తం గీస్తే చిన్నదిగా కనిపిస్తుంది. ఐలైనర్, మస్కారా, ఐషాడో కంటి పరిమాణాన్ని ఎంత పెంచి చూపిస్తాయో ఒసాకా విశ్వవిద్యాలయంలో కజునోరి మొరికావా బృందం కొలిచి చూపింది. కాబట్టి లైనర్ రెప్ప వెంట్రుకల మొదళ్లకు అంటుకుని సన్నగా ఉండాలి. వెంట్రుకలకూ గీతకూ మధ్య చర్మం కనిపించే ఖాళీ ఉంటే ఆ ప్రభావం చెడుతుంది. కింది రెప్ప లోపలి అంచున గాఢంగా కాటుక దిద్దితే కన్ను తీక్షణంగా కనిపిస్తుంది గానీ, తెరుచుకున్న భాగం తగ్గినట్టు అనిపించడం వల్ల చిన్న కళ్లు ఇంకా చిన్నవవుతాయి. కళ్లు పెద్దవిగా ఉన్నవారికి అదే కాటుక ఎంతో అందాన్నిస్తుంది.

మస్కారా విషయంలో వరుస తప్పితే వెంట్రుకలు విరుగుతాయి. వెంట్రుకలోని కెరాటిన్ హైడ్రోజన్ బంధాలు నీటికి సడలుతాయి. నీరు ప్రధానంగా ఉన్న మస్కారా వేస్తే అప్పుడే వంచిన వెంట్రుకలు మళ్లీ నిటారుగా కావడం అందువల్లే. వంపు నిలవాలంటే ముందు కర్లర్‌తో వంచి, తర్వాత నీరు లేని వాటర్‌ప్రూఫ్ మస్కారాను పలుచగా వేయాలి. ఆరిన మస్కారా మీద కర్లర్ వాడితే గట్టిపడిన మైనపు పొరతోపాటు వెంట్రుక కూడా తెగుతుంది. కంటి కింద మస్కారా మరకలు పడేవారు మస్కారాను మార్చే ముందు కంటి కింద రాసే క్రీమును చూసుకోవాలి. నూనె మైనాన్ని కరిగిస్తుంది, ఆ క్రీములో నూనె ఎక్కువగా ఉంటే మరక తప్పదు.

పెదవుల గురించి క్లుప్తంగా చెబుతాను. లిప్‌స్టిక్‌ను టిష్యూతో అద్ది మళ్లీ వేయమనే పాత సలహా సరైనదే, ఎందుకంటే టిష్యూ నూనెను పీల్చుకుని రంగును పెదవి మీదే వదిలేస్తుంది, రెండో పొర జారే నూనె మీద కాకుండా రంగు మీద నిలుస్తుంది. లిప్ లైనర్‌లో మైనం ఎక్కువ, నూనె తక్కువ కాబట్టి అది పెదవి చుట్టూ సన్నని గీతల్లోకి రంగు పాకకుండా అడ్డుకుంటుంది. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త హేజెల్ బిషప్ 1950లో మార్కెట్‌లోకి తెచ్చిన చెరగని లిప్‌స్టిక్ ఇంకో దారి పట్టింది. పైన పూతగా నిలవడంతో ఆగకుండా, పెదవి చర్మానికే రంగు పట్టించే బ్రోమో ఆమ్ల వర్ణకాలను అందులో వాడారు. పెదవులు పొడిబారి ఉన్నప్పుడు ఇటువంటి రంగులు పొట్టు ఉన్న చోట ఎక్కువగా పట్టి చుక్కలుగా కనిపిస్తాయి. అందుకని అరగంట ముందే లిప్ బామ్ రాసి, వేసే ముందు దాన్ని పూర్తిగా తుడిచివేయాలి.

చివరగా వెలుగు. మామూలు ఇళ్లలోని పసుపు బల్బుల రంగు ఉష్ణోగ్రత 2700 నుంచి 3000 కెల్విన్‌లు, పగటి వెలుగుది సాధారణంగా 5000 నుంచి 6500 వరకు ఉంటుంది. పసుపు వెలుగులో నీలం తక్కువ కాబట్టి కళ్ల కింద నీలిమ తక్కువగా, బ్లష్ లేతగా కనిపించి, మనం తెలియకుండానే ఎక్కువ వేసుకుంటాం. తల పైనున్న దీపం కింద కూర్చుంటే కళ్ల కింద పల్లాల్లో నీడ పడి, లేని నలుపును కప్పే ప్రయత్నం మొదలవుతుంది. కిటికీకి ఎదురుగా, వెలుగు ముఖం మీద సమానంగా పడేలా కూర్చుని వేసుకుని, ఆ తర్వాత మనం ఎక్కువసేపు ఉండబోయే చోటి వెలుగులో ఒకసారి చూసుకోవాలి. రాత్రి ఫోటోలు తీసుకునే సందర్భమైతే ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూడడం అవసరం. సిలికా ఎక్కువగా ఉన్న తెల్లటి పౌడర్ మామూలు వెలుగులో ఏమీ కనిపించకుండా, ఫ్లాష్ కాంతిని నేరుగా కెమెరా వైపు తిప్పి పంపి కళ్ల కింద తెల్లటి మచ్చలను చూపిస్తుంది. అద్దాన్ని కూడా చేయి చాచినంత దూరంలో పెట్టుకోవడం మంచిది. ముఖాన్ని పెద్దదిగా చూపే అద్దం కనుబొమలకూ, ఐలైనర్‌కూ పనికొస్తుంది, ఫౌండేషన్‌కు మాత్రం దాన్ని తిప్పి పెట్టాలి. అందులో కనిపించే రంధ్రాలను ఎదుటివారెవరూ చూడరు, వాటిని కప్పడానికి వేసే రెండో పొరను మాత్రం అందరూ చూస్తారు.